మోకు మోయని బుచ్చిరాములు

సునంద చెట్టు కింద నిలబడి పైకి చూస్తున్నదంట. పైన ఆమె పెనిమిటి బుచ్చిరాములు, తాడిచెట్టు సగంల ఆగి రొప్పుతున్నడు. పెండ్లికి ముందు ఆ మనిషి చెట్టెక్కుతుంటే మబ్బుల్లకు పోతున్నట్టే ఉండెనంట, అది చూసే ఆ పిల్ల మనసిచ్చింది అనుకో. పెండ్లయినంక ఏమైందంటే, అత్తగారింట్ల కోడికూర, మేనమామ ఇంట్ల బూరెలు, ఎవరు పిలిస్తే వాళ్లింట్ల కడుపునిండ బువ్వ. మనిషి బస్తాలెక్క అయిండు. చెట్టునూ నడుమునూ కలిపి కట్టుకునే తాడు ఉంటది సూడుండ్రి, మోకు, అది కిర్రుకిర్రుమంటున్నదంట. కల్లుగీసే గౌండ్ల పెద్దమనిషి మల్కయ్య అది విని, ఎల్లమ్మ పండుగనాడు పెద్దచెట్టెక్కి అమ్మకు తొలి కల్లు లొట్టి నువ్వే దించాలె, దించకపోతే నీ చెట్లు ఇంకోనికి ఇస్తం అన్నడు. "నీ మీద కోపం కాదు బిడ్డా, రేపు మోకు తెగితే నీ పెండ్లానికి నేనేం జవాబు చెప్పాలె?" అన్నడు. ఇగ సునందకు చెట్లు పోతే బతుకెట్ల అని ఒక భయం, చెట్టెక్కితే మనిషెట్ల అని ఇంకో భయం.

అప్పుడు ఫోన్ల ఒకామె చెప్పంగ విన్నదంట, ఒంట్ల పులుపు పెరిగితే కొవ్వు దిగదు, పులుపు విరిచే ఆల్కలైన్ తిండి తినాలె అని. ఇగ చూస్కో. పొద్దుగాల బూడిదగుమ్మడి రసం, పగటీలి సొరకాయ, పాలకూర, కీరదోస. మాంసం బంద్, గుడ్డు బంద్, ఆఖరికి చాయ కూడ బంద్. కడుపు తేలికైంది, మొఖంల కళ వచ్చింది, అబద్ధం ఎందుకు. కానీ సగం చెట్టుకే ఆకలి, చేతులు వణుకుడు. ఇది తెలిసి బుచ్చిరాములు అక్క నాగవ్వ, ఎనక వాడకట్టుల ఉంటది, చీరకుచ్చిళ్లు ఎగజెక్కుకొని రానే వచ్చింది.

"ఓ పిల్లా, నా తమ్ముడు మనిషా మేకనా? ఆకులేసి మేపుతున్నవ్!"

"అది ఆల్కలైన్ వదినె."

"ఏ లైనో గాని, లైన్ల నిలబెట్టి ఎండబెడుతున్నవ్. మా ఆడబిడ్డ పట్నంల లో కార్బ్ చేసి సన్నబడ్డది. బువ్వ బంద్, రొట్టె బంద్. గుడ్లు, మటన్, నెయ్యి తినాలె."

"మటన్ తింటే ఒంట్ల పులుపు కాదా?"

"నీ సొరకాయల ఏమున్నది, నీళ్లు! నీళ్లు తాగినోడు చెట్టెక్కుతడా?"

ఇద్దరి నడుమ ఇరుక్కున్న బుచ్చిరాములు, పెండ్లాం తిండి కొన్నాళ్లాయె, అక్క తిండి కొన్నాళ్లు చూద్దమన్నడు. ఈసారి ఆకలి లేదు, మొదట్ల బరువు దిగింది కూడ. ఊళ్లె పత్తి తూచే కాంటా మీద నిలబెడితే నాగవ్వ చప్పట్లు కొట్టింది. మళ్ల ఏమైందంటే, పిక్కలు గుంజుడు, నోరెండుడు, కాంటా ముల్లు అక్కడ్నే నిలబడి కదలదు. పండుగ దగ్గరికొచ్చె. వదినె మర్దండ్లు ఇద్దరికీ నిద్దర్లు లేవు.

ఒకనాడు పొద్దుగాల ఎవరి తిండి డబ్బా వాళ్లు పట్టుకొని ఇద్దరూ తాటివనానికి పోయిండ్రు. పోయి చూస్తే, బుచ్చిరాములు ఒక చెట్టు దిగిండు, తాటాకు రేక నిండ కల్లు పోసుకున్నడు, గటగట తాగిండు. ఇంకో చెట్టు దిగిండు, మళ్ల రేక నిండ పోసుకున్నడు, మళ్ల తాగిండు. అట్ల ప్రతి చెట్టుకూ.

"ఓరి తమ్మీ, ఇదేందిరా?"

"రుచి చూస్తున్న అక్కా. నేను తాగి చూడంది ఒకరికి పొయ్య. నాయిన నేర్పిన పద్ధతి గదా."

"మరి ఏమేం తింటున్నవంటే ఇది చెప్పలేదేందయ్యా?" అన్నది సునంద.

"ఓసినీ! కల్లు తిండానే? చెట్టు నీళ్లు."

నవ్వకుండ్రి, ఆ ఆడోళ్లిద్దరు కూడ గౌండ్లోళ్లే, వాళ్లకూ ఆ లెక్క తట్టలే. నాగవ్వ నెత్తి కొట్టుకున్నది, తియ్యకల్లంటే చెక్కరేగదరా, బువ్వ మాన్పించి నేను బాగుపడ్డ అని. పులిసిందైతే పులుపే గద వదినె, నా సొరకాయలన్నీ మట్టిపాలేనా అని సునంద. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకొని పక్కున నవ్విండ్రు. అక్కడ్నే గట్టు మీద డబ్బాలు విప్పిండ్రు. నాగవ్వ పాలకూర నోట్లె పెట్టుకొని, "బాగుందే పిల్లా, దీంట్ల రెండు గుడ్లు కొడితే ఇంకేం గావాలె" అన్నది. అదిగో, ఆనాటి సంది ఇద్దరిదీ ఒకటే పొయ్యి. ఆకుకూరల గుడ్డు, సొరకాయతోని ఒక్క జొన్నరొట్టె. అరిచేతిల ఒక్క చుక్క కల్లు, నాలిక్కి అంటించి చూసుడు, అంతే. కాంటా ముల్లు మళ్ల కదిలింది, మోకు కిర్రుమనుడు తగ్గింది.

పండుగ వచ్చింది. డప్పులు మోగుతున్నయి, బుచ్చిరాములు పెద్దచెట్టెక్కుతున్నడు, సునంద కండ్లు మూసుకున్నది. నాగవ్వ ఆమె చెయ్యి గట్టిగ పట్టుకొని, "తెరువే, తెరిచి చూడు, చెట్టు కొనకు, మొవ్వుల ఉన్నడు" అన్నది. దిగినంక తొలి రేక కల్లు ఎల్లమ్మకు ధారగ వంచి సాక పోసిండు, రెండో రేక నింపి సక్కగ వచ్చి ఆ ఇద్దరి ముందట నిలబడ్డడు. "అమ్మ మీద ఆన, మీరిద్దరు నా కోసం కొట్లాడకపోతే నేనివాళ నేలమీదనే ఉందును" అన్నడు. నాగవ్వ రేక అందుకొని ముందు మర్దలికే తాపింది. సునంద తాగుకుంటనే కొంగుతోని కండ్లు తుడుసుకున్నది.

ఇగ ఏ తిండి గొప్పదని నన్నడుగుతరు గావచ్చు. నాకేమెరుక! తిన్నవా, ఏం తిన్నవ్ అని ఇద్దరు మనుషులు కొట్లాడుతున్నరంటే ఆ మనిషికి ఇంకేం గావాలె, దండం పెట్టి తినుడే. ఇంత చెప్పిన, నన్ను మాత్రం తిన్నవా అని ఒక్కరూ అడగకపోతిరి. ఏం బిడ్డా, ఇవాళ మీ పొయ్యి మీద ఏమున్నది?