పదకొండో ఇల్లు

విల్యామోంతెస్ ఊరు దాటాక, గ్యాసు పైపులైను పక్కనే ఉన్న ఓ ఇంటి గుమ్మంలో పైపులైను కంపెనీ ఉద్యోగి నిలబడి ఉన్నాడు. ఆకాశం నుంచి తీసిన ఫోటోలో ఆ ఇంటి కోళ్ళ షెడ్డు మీద పొగ కనబడిన దగ్గర్నుంచి అతనికి కంటి మీద కునుకు లేదు. లోపల ఇంటావిడ పల్లీల సూపు కలుపుతోంది.

“దోన్యా, ఆ కోళ్ళ షెడ్డుకి పొగగొట్టం ఎందుకండీ?”

“మా ఆయన ఫెర్మీన్ పెట్టుకున్నాడు. చలి కదా.”

“అంటే ఆయన పడుకునేది అందులోనా?”

“కార్నివాల్ పండగ నుంచీ అందులోనే. మా చెల్లెలి ముందు నా సూపు చప్పగా ఉందన్నాడు.”

“కొంప ముంచారండీ! మనిషి ఉంటే అది ఇల్లు కిందే లెక్క. పైపు పక్కన పది ఇళ్ళు దాటితే గ్యాసు ఒత్తిడి తగ్గించాలని ప్రభుత్వం రూలు. ఇది పదకొండోది.”

“తగ్గించుకోండి. నాకేం?”

“గ్యాసు చాలక తారిహా పట్నంలో సగం పొయ్యిలు వెలగవు. ముందు నా ఉద్యోగం ఊడుతుంది.”

“ఉత్త కోళ్ళ షెడ్డని రాసుకుపోరాదూ?”

“ఈ ఫోటో ప్రభుత్వం వాళ్ళ దగ్గరా ఉంది. రేపు తనిఖీకి వస్తున్నారు. ఆయన్ని ఇంట్లోకి రానివ్వండి, మీకు పుణ్యముంటుంది.”

ఆవిడ గరిటె పక్కన పెట్టి అతని మొహంలోకి చూసింది.

“సరేలే, ఏడవకు. ఈ రాత్రి నుంచి ఇంట్లోనే పడుకోమను.”

“బతికించారు దోన్యా!” అంటూ అతను ఫోటోలో షెడ్డు మీద అడ్డగీత కొట్టేశాడు.

“ఆగు నాయనా, వెళ్తూ వెళ్తూ నా పరుపు కాస్త ఆ షెడ్డులో పడేసి పో. పొగగొట్టం ఉందిగా, నాకూ వెచ్చగానే ఉంటుంది.”