ఒక్క దొరకు మూడు జంపఖానాలు

హలో… ఆ, నేనే బిడ్డా, సమ్మమ్మనే. జర గట్టిగ మాట్లాడు షాహీన్, మగ్గం చప్పుడుకు ఇనస్తలేదు… ఆగు, ఆపుతాన.

— ఆ, ఇప్పుడు చెప్పు.

— రెండు జంపఖానాలు అయిపోయినయ్, మడతవెట్టి పెట్టిన. మూడోది ఇంకో జానెడున్నది. శుక్రవారం కొరియర్‌కు అందుతయని మన నేత సొసైటీల చెప్పు… వాటికి కుట్టే చీటీలు కొట్టిచ్చినవా? ఎవల పేరు మీద?

— మా ఆయన రాయమల్లు పేరేనా… ఏం లేదు. ఒక్కసారన్న నా పేరు పడుతదేమోనని అడిగిన, గంతే. నువ్వు చెప్పు.

— లండన్ నుంచి మెయిలా? మనకు ఆర్డరిచ్చిన ఆ రాజకీయాలు చేసే దొర బిడ్డ కాడి నుంచేనా? ఏమంటాండ్లు?

— ఏందీ?… మళ్ల చెప్పు.

— ముగ్గురు కాదా? ఒక్కడేనా!

— ఆగు ఆగు, నవ్వస్తాంది, కడుపు పట్టుకున్న… కాయితంల మూడు పేర్లుండె కదనే! ఎర్ల్ అని ఒకటి, వైకౌంట్ అని ఒకటి, బ్యారన్ అని ఒకటి. ముగ్గురు దొరలనుకోమా మరి? నువ్వు గ్రాఫు గీసిస్తివి, నేను గడులు లెక్కవెట్టి నేస్తి. ఇంగ్లీషు చదువరానిదాన్ని, నాకేమెరుక?… నీకూ తెల్వదా? సరిపోయిండ్లు ఇద్దరు!

— ఒక్క మనిషికి మూడు బిరుదులెందుకే? ఒకటి తొడుక్కొని ఒకటి ఉతుక్కుంటడా?

— ఆ దొర ముత్తాత మంత్రి చేసిండా… అప్పటి రాజు ఇచ్చిండా… ఇగ అప్పటిసంది తండ్రి పోతే పెద్దకొడుక్కు. ఇల్లు, భూమి తీర్గనే. మంచిగున్నది.

— అంటే ఆమె అడిగింది ఒక్కటే జంపఖానా. దాని మీదనే మూడు పేర్లు… మనం మూడు నేసినం… ఓ బిడ్డో! ఇప్పుడు ఇప్పదీసి మళ్ల నెయ్యాల్నంటే నా నడుము నా చేతుల ఉండది!

— ఫొటోలు పంపినవా? పంపితే?

— నవ్విందా! ఇప్పదీయొద్దన్నదా? ఎందుకట?

— ఆ… పెద్ద బిరుదు తండ్రే వాడుకుంటడు… రెండోది ఖాళీగ పడి ఉంటదని పెద్దకొడుకును వాడుకోమంటరు… మూడోది మనుమనికి. ఆహా. వానికెన్నేండ్లు?

— ఎనిమిది నెలలా! పక్క తడిపే పోరడు బ్యారనా! అమ్మో, అమ్మో… పండ్లు రాకముందే బిరుదొచ్చింది వానికి!

— అంటే తాతకొకటి, కొడుక్కొకటి, మనుమనికొకటి. లెక్కవెట్టి నేసినట్టే పడ్డయ్! చూసినవా షాహీన్, మన తప్పు సుత ఎంత సక్కగున్నదో!

— మరి ఆర్డరిచ్చిన బిడ్డకో? ఆమెకేం బిరుదు?

— తమ్ముని కన్న పెద్దదేనా ఆమె?… పార్లమెంటుకు మూడుసార్లు గెల్చిందా?… అయినా రాదా? ఆడిపిల్లని?

— పేరు ముంగట లేడీ అంటరా. గంతేనా. అది ఆమెతోనే ఆగిపోతది, పిల్లలకు పోదు… అట్లనా.

— కోపం కాదు బిడ్డా, నవ్వే. మనకాడ మాత్రం ఏమున్నది? మా మామ పోంగనే నేతకార్డు రాయమల్లు పేరు మీదికొచ్చె. ఆయన మగ్గం దిగి ఆటో ఎక్కి ఆరేండ్లాయె. ఈ వేళ్లు నావి, ఈ నడుము నాది, చీటీ మీద పేరు ఆయనది. మా ఆయన సుత వైకౌంటే!

— ఏయ్, నవ్వకు, నువ్వు నవ్వితే నాకాగదు… ఏందీ? ఆమె ఇంకేమో అడిగిందా?

— నేసినోళ్ల పేరా?… చీటీ మీద కాదా? జంపఖానా మూలకు, దారంతోనా?

— నిజంగనే అడిగిందా?

— మరి జవాబుల నువ్వేం రాసినవ్?

— రాయలేదా. రిజిస్టర్ల ఆయన పేరుందని ఆగినవా… సొసైటీ మేనేజరు మల్లికార్జున్ సారేమన్నడు? కార్డున్నోళ్ల పేరే పోవాలన్నడా?

— షాహీన్, ఒక్క మాట ఇను. ఇరువై రెండేండ్లాయె నేను మగ్గమెక్కి. నేసినయి ఎన్ని దేశాలు పోయినయో నాకే తెల్వదు. ఒక్కదాని మీదన్న నా పేరు లేదు. నాకు కావాలె బిడ్డా. సిగ్గెందుకు, కావాలె.

— చీటీ ఆయన పేరు మీదనే పోనియ్యి. మూల నా చేతుల ఉన్నది కదా! మూడోది ఇంకా మగ్గం మీదనే ఉన్నది. సారు అడిగితే, కస్టమరే అడిగిందని ఆ మెయిల్ చూపియ్యి… నేసినోళ్లెవరంటే నేసినోళ్లే!

— జల్ది నా పేరు గ్రాఫు గీసి పంపు. ఇంగ్లీషుల ఎన్నక్షరాలు?… ఎనిమిదా! అంత పొడుగుంటనా నేను?

— ఒక్కటే అక్షరం మూడుసార్లా? ఏది, గుట్ట నడుమ అడ్డంగ గీత గీసినట్టుంటది, అదేనా? అది నాకు వచ్చు! ఈ బ్యారన్ల సుత ఉన్నది, పొద్దున్నే నేసిన!

— ఆ చిన్న బ్యారను నా పేరు మీద పాకుతడు, ఉచ్చ పోస్తడు… పోయనియ్యే, ఉతికితే పోయే రంగు కాదు మనది!

— ఆగు, ఆటో చప్పుడైతాంది. వచ్చిండు… చెప్త, దాచుడెందుకు. ఏమంటడు? ఏమన్నా ఇయ్యాల ఇన. నువ్వు గ్రాఫు పంపు, నాకు కాలు ఆగుతలేదు. పెడుతాన బిడ్డా…

ఏమయ్యో, వైకౌంటూ! చాయ్ నువ్వే పెట్టుకో. నేను నా పేరు నేస్తాన.