మా గోడకు ఎర్రమన్ను

ఆ అర్జీ పక్కింటి తిప్పమ్మే రాసిచ్చింటాది సామీ, ఇంకెవురు! ఆయమ్మ కోళ్లు మా కళ్లంలో శెనిక్కాయలు తింటాంటే అదిలిచ్చినానని మూన్నెల్ల నుంచి నా మీద పండ్లు నూరతాండాది. లేకుంటే మలేరియా ఆఫీసు దొర ఉరవకొండ నుంచి జీపేసుకొని మా ఇంటికొచ్చేంత తప్పు మేమేం చేసినాం? కూచోండి, మజ్జిగ తాగండి.

ఏందీ, గోడ ఎర్రగుండాదా? ఎర్రనేల గదా సామీ మాది. గాలికి దుమ్ము లేసి అంటుకోనింటాది.

అయ్యో, గోటితో గీకద్దండి!

సరే, పూసినారే అనుకోండి. డీడీటీ కొట్టినాక ఆర్నెల్లు గోడ అలకగూడదని, అలికితే మందు లోపలికి పోయి దోమ చావదని నాకే చెప్తారా? నేనెవురి పెండ్లాన్ని? మీ కింద మందు పంపు కొట్టే మేస్త్రీ పెండ్లాన్ని! మాయప్ప పేరు నా నోటితో చెప్పకూడదు గానీ, సంజీవి కొండ ఎత్తుకొచ్చిన సామి పేరే.

ఆయప్పకు మీరేం మంత్రమేసినారో ఏమో! పొద్దున్నే అందరినీ వరసగా నిలబెట్టి "ఒక్కిల్లు వదిలితే ఊరు వదిలినట్లే" అని అరిపిస్తారంట గదా? ఈడ సంగటి ముద్ద నోట్లో పెట్టుకునే ముందర గూడా అదే అరుపు. కూలి రోజుకు రూపాయి పావలా, మాటలు మాత్రం కలెక్టరు మాటలు. మా తమ్ముని పెండ్లికి రమ్మంటే, రాయదుర్గం పక్క పది ఊర్లు మిగిలిపోయినాయి అన్నాడు. ఆడ అందరూ మీ ఆయన యాడమ్మా అంటే, దోమలకు పెండ్లి చేసేకి పోయినాడని చెప్పినా. నవ్వండి సామీ, నేనూ నవ్వినా.

ఊరికే అంటాండా గానీ, ఆయప్పది మంచి పట్టుదలే. వాళ్లమ్మ చలిజొరంతో పోయింది. మూడు కంబళ్లు కప్పినా వణుకు ఆగలే. ఆ పొద్దు నుంచి దోమను చూస్తే పగోన్ని చూసినట్లే ఆయప్పకు.

అందుకే దండం పెడతాండా, పని తీసేయొద్దండి. మందు కొట్టిన ఊర్లో ఒక్క గోడ అలికినా మేస్త్రీని తీసేస్తామని మీరే అన్నారంట. ఆ పని పోతే ఆయప్ప బతకడు. కూలి కోసం కాదు, కూలికి నేను పోతా. జరిమానా ఏస్తే నాకెయ్యండి. ఆ తిప్పమ్మ మాట పట్టుకొని...

తిప్పమ్మ కాదా? మల్ల ఎవురు? నాకు చదువు రాదు, మీరే చదవండి.

ఇంగోతూరి చదవండి.

"మా ఇంటి గోడకు నా భార్య సుంకమ్మ ఎర్రమన్ను పూసినది. నేను మేస్త్రీగా ఉండి..." చాలు లెండి సామీ. చాలు.

సొంత పెండ్లాం మీద! సొంత పని పోతాదని తెలిసీ! వారం నుంచి నా చేతి సంగటి తింటా, ఆ గోడకే ఆనుకొని కూచుంటా, ఒక్క మాటనలేదే! ఇట్లాంటోన్ని యాడన్నా చూసినారా?

ఏమంటిరి? ఇట్లాంటోన్ని తీసేస్తే మీకింగ యాడ దొరుకుతాడంటారా? అబ్బ, బతికించినారు. ఇంగింత మజ్జిగ పోస్తా, ఉండండి.

ఎందుకు పూసినానా? ఉగాది వస్తాండాది గదా అని... కాదు సామీ. అబద్ధం ఎందుకు.

ఆయప్ప ఊర్లో మందు కొడతాంటే నేనూ వెనకాల పోయి చూసినా. ప్రతి గడప ముందర చెప్పులిడిచి, చేతులు జోడించి, "అమ్మా, కుండలు బయట పెట్టుకోండమ్మా, మందు కొట్టుకోనిస్తారా?" అంటాడు. తిప్పమ్మను గూడా అట్లే అడిగినాడు. మా ఇంటికొచ్చి తలుపు తోసి బుస్సుమని కొట్టేసినాడు, చాటలో రాగిపిండి మీద గూడా. నన్ను అడగొద్దా అంటే, "మన ఇల్లే గదా, అడిగేదేంది?" అన్నాడు.

ఆయప్ప పక్కూరికి పోయినాక, మన ఇల్లే గదా అని నేనూ ఎర్రమన్ను కలిపినా.

ఈ మాట ఆయప్పతో అనొద్దండి సామీ. మీరంటే రేపే చెప్పులిడిచి, చేతులు జోడించుకొని వస్తాడు. దొర ఆర్డరు అని వస్తాడు. అట్ల అడిగించుకొని నేనేం చేసుకోవాల?