మూడడుగుల తిన్నె

(రాజపాళయం, 1959. మునిసిపల్ ఎన్నికల నామినేషన్ వాపసు తీసుకోవడానికి ఆఖరి రోజు, మధ్యాహ్నం రెండున్నర. ఫైర్ సర్వీసు ఉద్యోగం వదిలేసి వార్డుకు నిలబడ్డ కన్నుసామి ఇంట్లో, తాపీపని చేసే అతని మేనమామ మాడసామి.)

"కాఫీ తాగు మామా, చల్లారిపోతా ఉంది."

"కాఫీ ఉండనీ. ముందు ఈ కాయితంలో సంతకం పెట్టు."

"పెట్టను."

"ఒక్క సంతకం రా కన్నుసామీ. మూడు గంటలకు ఆఫీసు మూసేస్తారు. నేనే సైకిల్లో కూర్చోబెట్టుకొని పోతా."

"నీ సైకిల్‌కు బ్రేకు లేదు. నాకు ఇంకా ఎలెక్షన్ ఉంది."

"నీకు ఎకసెక్కంగా ఉంది. జగన్నాథన్ మొదలాళి ఏమన్నా చిన్న మనిషా, నాకు పనిచ్చే యజమాని? ఈ వార్డులో ఆయన మీద ఇంతవరకు ఎవురైనా నిలబడినారా? పోటీ లేకుండానే కౌన్సిలర్ అయినాడు, ఈసారీ అట్లే కావాలని ఆయన ఆశ."

"ఆయనే పంపినాడా నిన్ను?"

"ఎవురూ పంపలే. నేనే వచ్చినా."

"ఈ ఎండలో, చెప్పులు కూడా వేసుకోకుండా?"

"సరి, పంపినాడు! ఏమిప్పుడు? నీ ఉద్యోగం మళ్ళా ఇప్పిస్తానన్నాడు. కాకీ చొక్కా తొడుక్కొని బెల్లు కొట్టుకుంటా పొమ్మను, అన్నాడు. మర్యాదగానే అన్నాడు రా."

"ఆ పొద్దు బెల్లు కొట్టుకుంటానే కదా మామా వచ్చినాము. పంగుని నెల ఎండ, మిట్టమధ్యాహ్నం. ముందు సీట్లో నేనే ఉంటి. బండి మీ మొదలాళి ఇంటి మలుపుకాడ నిలిచిపోయింది."

"ఇప్పుడెందుకు అదంతా?"

"ఇంటి ముందర అరుగని వీధిలోకి మూడడుగులు తోసుకొచ్చిన తిన్నె. బండి దూరలే. హోస్ పరిస్తే అంటుకున్న మా ఇంటికి ఇరవై అడుగులు తక్కువ."

"చాలు రా."

"నీళ్ళు ఆడ రోడ్డు మీద పడతా ఉన్నాయి. ఈడ మా అమ్మ..."

"మా అక్క రా అది! నీకు అమ్మ కాకముందే నాకు అక్క. నన్ను చంకలో వేసుకొని చోళపురం నుంచి నడిచి వచ్చింది ఈ ఊరికి. నాకు చెప్పొద్దు నువ్వు."

"ఎట్లా చెప్పకుండా ఉండేది? ఊర్లో వాళ్ళ మంటలన్నీ ఆర్పినాను. కన్నతల్లి కాలిపోతా ఉంటే బకెట్ పట్టుకొని పరిగెత్తినాను. కాకీ చొక్కా వేసుకొని, బకెట్!"

"ఏడవద్దు రా."

"ఏడవలే. కోపం. మంట వచ్చినాక పరిగెత్తేది చాలు మామా. ఆ తిన్నె పడగొట్టమని చెప్పే కుర్చీలోనే కూర్చోవాల."

"గెలిచినా ఏం చేస్తావు? తిన్నె నా సొంత స్థలంలో ఉంది అంటాడు. సర్వేయర్ రెండు తూర్లు వచ్చి చూసి పోయినాడే, ఎల్ల రాయి కనిపించలే. రాయి లేకుంటే ఏది వీధో, ఏది ఇల్లో ఎవురు చెప్తారు?"

"రాయి ఉండింది. దాని మీద కూర్చొని సేవు మిఠాయి తిన్నవాణ్ణి నేను. అది ఎట్ల పోయింది?"

"నాకేం తెలుసు?"

"తిన్నె కట్టింది నువ్వే కదా."

"ఊర్లో నేనొక్కడినేనా తాపీపని చేసేది?"

"నువ్వే మామా."

"కట్టినాను. కూలికి కట్టినాను! కట్టమంటే కట్టేదే మన పని."

"నేను నిన్ను ఒక్క రోజన్నా ఒక్క మాటన్నా అన్నానా?"

"అనలే. అదే రా నన్ను తినేస్తా ఉంది. అని ఉంటే బాగుండు."

"సరి, ఇప్పుడు అంటా విను. నువ్వు కట్టిన తిన్నె దగ్గర మా అమ్మ ప్రాణం నిలిచిపోయింది. పోయి చెప్పు మీ మొదలాళికి. డిపాజిట్ పోయినా సరే, ఒక్క ఓటే వచ్చినా సరే, ఆ ఓటు నాదే అయినా సరే, కన్నుసామి తగ్గలేదని చెప్పు."

"నాకు పని పోతుంది రా. ఉన్న ఇల్లూ ఆయనదే, ఖాళీ చెయ్యమంటాడు."

"వచ్చి ఈడ ఉండు. ఏం వీరమ్మాళ్, మామకు గంజి పొయ్యవా?"

"నీ పెండ్లాన్ని ఎందుకు లాగుతావు దీంట్లోకి?"

"నన్ను లాగినా లాగకున్నా నేను దీంట్లోనే ఉన్నా మామా. గంజి పోస్తా, పండుకొనేదానికి చాప వేస్తా. ఆ కాయితం ఇట్లా ఇయ్యి, పొయ్యి అంటించాల."

"అయ్యో, వీరమ్మాళ్! చింపేసిందే! కన్నుసామీ, చింపేసింది రా!"

"చింపనీ. మూడు కావటానికి ఇంక పావుగంటే. కాఫీ తాగు."

"సుడిగాలికి సంబంధం కలుపుకున్నాను నేను... ఇంట్లో గడ్డపార ఉందా?"

"ఉంది. ఎందుకు?"

"మూడు కొట్టినాక సర్వేయర్‌ని పిలుచుకొని రా. వీధిలో అందర్నీ పిలువు. నేను గడ్డపార తీసుకొని తిన్నెకాడ నిలబడి ఉంటా."

"మామా, ఏం చెప్తా ఉన్నావు?"

"తిన్నె కట్టేముందు ఆ రాయి పగలగొట్టి ఏట్లో పారేయమన్నాడు. పారేసినానని చెప్పినా."

"పారేయలేదా?"

"ఎల్ల రాయి మీద సుత్తి వెయ్యొద్దు రా, మా నాయన తాపీ చేతికిచ్చిన రోజే నాతో ఒట్టు వేయించుకున్నాడు. పసుపు పూసి, దండం పెట్టి, కదిలించకుండా చుట్టూ ఇటుక కట్టేసినా. తిన్నె లోపలే నిలబడి ఉంది, సర్కారు నంబరుతో సహా."