పడవ మీది పేరు

అడ్రియాటిక్ సముద్రంలోని ఒక దీవిలో ఆ ఇనప సామాన్ల కొట్టును భర్త పోయాక మందలీనే నడుపుతోంది. పడవలు కట్టే షిమె ఉప్పుకాగితం కోసం మళ్ళీ వచ్చాడు.

"పోయినసారి ఇచ్చింది నాలుగుసార్లు రుద్దేసరికి గరుకంతా రాలిపోయిందండీ. మంచిది చూసివ్వండి."

"ఇది గట్టి జిగురుది, అంత తొందరగా రాలదు. ఇంతకీ నీ పడవ ముక్కు మీద చెక్కిన నా పేరు చెరిపావా? ఊరంతా నవ్వుతోందని చెప్పి నెలయింది."

"రోజూ రుద్దుతూనే ఉన్నానండీ. మీరు చెప్పాక కాదంటానా?"

"అయితే ఈ నలభై నంబరు పట్టుకెళ్ళు. బాగా ముతకది. పొద్దున మొదలెడితే మధ్యాహ్నానికి పేరు మాయం."

"అది వద్దండీ. నాలుగు వందల నంబరు ఇవ్వండి."

"అంత సన్నదా? దాంతో అక్షరాలు చెరగవయ్యా, ఇంకా నిగనిగలాడతాయి."

"తెలుసండీ."

మందలీన ముతక కాగితాన్ని తిరిగి అరలో పెట్టేసింది. సన్నవి రెండు తీసి చుట్టబోయి, కాస్త ఆగి, మూడోది కూడా చేర్చింది.

"చివరి అక్షరం దగ్గర ఇంకొంచెం రుద్దు. నిన్న చూశాను, అక్కడ ఇంకా గరుగ్గానే ఉంది," అంది.