ఉరుము బటన్ ఎక్కడ?

నాటకశాల వెనక తలుపు తీస్తే ఎదురుగా టీ కొట్టు. ఆ కొట్టు ముందు బల్ల మీద తెర లాగే మావయ్య అప్పటికే మొదలుపెట్టేశాడు. ఆయన ఉద్యోగం నాటకం ముందు తెర తీయడం, అయ్యాక వేయడం. మధ్యలో చేతులకు పనుండదు, ఆ లోటు నోటితో తీర్చుకుంటాడు. ఆయన మాటల్లో సగానికి సగం కొట్టేసి, మిగిలిన సగంలో మళ్ళీ సగం నమ్మాలని ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. తెలిసీ వినడానికి వస్తారు.

మేనకోడలు మాత్రం వినడానికి రాలేదు. ఒక చేతిలో ల్యాప్‌టాప్ సంచీ, ఇంకో చేతిలో కొత్త కీబోర్డూ పట్టుకుని, ముఖమంతా చెమటతో వచ్చి బల్ల చివర కూర్చుంది.

ఆ కీబోర్డు అక్షరాలు కొట్టేది కాదు. రెండు అరచేతులంత పలక, దాని మీద వరసగా చతురస్రం బటన్లు, ఒక్కో బటనూ ఒక్కో బుల్లి తెర. ఏ బటన్‌కి ఏ పని అప్పగిస్తే దాని మీద ఆ బొమ్మ వెలుగుతుంది, నొక్కితే ఆ పని అయిపోతుంది. ఈ నాటకంలో శబ్దాలన్నీ అందులోంచే రావాలి: కాలింగ్ బెల్లు, ఫోను, కుక్క అరుపు, ఆఖర్న ఉరుము. ఏ బటన్‌కి ఏ శబ్దం, ఏ బొమ్మ అన్నది ఆ పిల్ల తన ల్యాప్‌టాప్‌లో కూర్చుని ఎంతో శ్రద్ధగా అమర్చుకుంది. కీబోర్డు మాత్రం పెట్టెతో సహా మావయ్య ఇంటికి వెళ్ళింది. ఇలాంటివి బోలెడు చూశాను, సెట్ చేసి తెస్తానని ఆయనే దర్శకురాలి దగ్గర తీసుకున్నాడు. తెచ్చింది ఇవాళ మధ్యాహ్నం, సరిగ్గా చివరి రిహార్సల్ వేళకి.

ఆ రిహార్సల్‌లోనే కొంప మునిగింది. గంట బొమ్మ నొక్కితే కుక్క మొరిగింది. తలుపు తీయడానికి వెళ్తున్న హీరో ఎగిరి సోఫా ఎక్కాడు. మబ్బు బొమ్మ నొక్కితే ఫోను మోగింది. దర్శకురాలు అరవలేదు, దానికే ఇంకా భయం వేసింది. "సాయంత్రం కూడా ఇలాగే అయితే రేపట్నుంచి నువ్వు మళ్ళీ గేటు దగ్గర టిక్కెట్లు చింపమ్మా" అని మాత్రం అంది. గేటు దగ్గర్నుంచి సౌండు బల్ల దాకా రావడానికి ఆ పిల్ల ఎంత కాచుకుందో మావయ్యకి తెలుసు. అయినా నవ్వుతూ కూర్చున్నాడు.

"మావయ్యా, ఉరుము ఏ బటన్‌లో ఉంది?"

"ఉండమ్మడూ, దాని దగ్గరికే వస్తున్నా. ఎక్కడున్నాను? ఆఁ, పెట్టె విప్పాను. మామూలుగా వీటిని అమర్చడానికి కంపెనీవాళ్ళు మనిషిని పంపిస్తారు. నేను వద్దన్నాను. అన్నం తింటూ ఎడం చేత్తో సెట్ చేసేశాను, కుడిచేయి ఎంగిలి కదా."

"అది నమ్ముతాను" అన్నాడు మేకప్పాయన. సగం రంగు పూసుకున్న వేళ్ళతోనే టీ గ్లాసు పట్టుకున్నాడాయన. "ఎడం చేత్తో చేసినట్టే ఉంది."

"విను గురూ. చేసి, పనిచేస్తోందో లేదో చూద్దామని మబ్బు బొమ్మ నొక్కాను. ఇదిగో, ఇదే మబ్బు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంట్లో ఉరిమింది. మా ఆవిడ డాబా మీద బట్టలు తీసుకొచ్చేసింది. సరే, ఇంకోసారి కాస్త గట్టిగా నొక్కాను. వాన. మామూలు వాన కాదు, మా వీధి వరకే. పక్క వీధిలో ఎండ. మా పక్కింటాయన సైకిలు ముందు చక్రం తడిసింది, వెనక చక్రం పొడిగా ఉంది. కావాలంటే అడగండి, ఇప్పుడు ఊళ్ళో లేడనుకోండి."

మేనకోడలు మబ్బు బొమ్మ వంక చూసింది. తను నొక్కినప్పుడు ఫోనెందుకు మోగింది? గట్టిగా నొక్కాలా? మెల్లిగా నొక్కితే ఒకటీ గట్టిగా నొక్కితే ఒకటీ వచ్చేట్టు ఈయన గాని పెట్టాడా? ఇంతకీ తను అమర్చిన కుక్క బొమ్మ ఏది?

"మావయ్యా, ఇందులో కుక్కే లేదు" అంది.

"ఎందుకు లేదు? దానికి సిగ్గు. కొత్త మనుషులుంటే బొమ్మ బయటికి రాదు, లోపల్నుంచే మొరుగుతుంది. నేను నొక్కిన రోజు ఊళ్ళో కుక్కలన్నీ వచ్చి మా గుమ్మం ముందు వరసగా కూర్చున్నాయి, హాల్లో జనం కూర్చున్నట్టు. ముందు వరసలో పెద్దవి, వెనక పిల్లలు. అయిపోయాక లేచి వాటి దారిన అవి పోయాయి. ఒకటి మాత్రం నచ్చలేదన్నట్టు మధ్యలోనే వెళ్ళిపోయింది."

కొట్టు నడిపే అక్క గరిటె ఆపింది. "మరి ఫోను బొమ్మ నొక్కితే?"

అడక్కూడనిది అడిగింది. మావయ్య గొంతు తగ్గించి అందరినీ దగ్గరికి రమ్మన్నాడు.

"ఫోను మోగింది చెల్లెమ్మా. కీబోర్డులోంచి కాదు, నా జేబులోంచి. ఎత్తితే మా మావగారు. పోయి ఎన్నేళ్ళయిందో నీకు తెలుసుగా? అదే గొంతు, అదే దగ్గు. 'అల్లుడూ, నా కళ్ళజోడు బీరువా మీద మర్చిపోయాను, ఇక్కడేం కనబడి చావడం లేదు' అన్నాడు. చూస్తే నిజంగానే బీరువా మీద ఉంది. ఎలా పంపాలండీ అని అడిగేలోపు లైను కట్టయింది. అప్పట్నుంచి నాకు మనసు బాగాలేదు."

మేకప్పాయన తల అడ్డంగా ఊపబోయి, నిలువుగా ఊపి, చివరికి టీ తాగాడు. మేనకోడలికి బుర్ర గిర్రున తిరిగింది. మావయ్య కోతలని తెలుసు. కాని ఈ కోతల్లో ఎక్కడో ఒక మూల ఆయన చేసిన నిజం పనొకటి ఇరుక్కుని ఉంటుంది, అది బయటికి లాగితే గాని సాయంత్రం గట్టెక్కదు. పోనీ ఏది నొక్కితే ఏది వస్తోందో చూసుకుని, బటన్ల మీద కాగితం ముక్కలు అంటించేద్దామనుకుంది. గంట మీద కుక్క అని, మబ్బు మీద ఫోను అని.

ఆ మాటే పైకి అంది. మావయ్య కంగారుగా చేయి అడ్డం పెట్టాడు.

"ఆ పని మాత్రం చెయ్యకు తల్లీ. అవి ఉన్నచోట ఉండవు. నీ మనసులో ఏముందో చూసి మారిపోతాయి. నువ్వు ఉరుము అనుకునే లోపే ఉరుము నీ వేలి కిందకి వచ్చి కూర్చుంటుంది. అలా పెట్టాను. నువ్వు కంగారులో ఉంటే పాపం అవీ కంగారుపడతాయి."

అంటే తప్పు తనదేనా? ఆ పిల్లకి ఏడుపొచ్చింది. ఇంట్లో అంత జాగ్రత్తగా చేసుకున్నదంతా తన కంగారు చూసి మారిపోతోందా? ఇంత తెలివితక్కువ మాట నమ్మే స్థితికి వచ్చానా అని తన మీద తనకే కోపం వచ్చింది. ఏం చెయ్యాలో తోచక కీబోర్డు అంచుని గోటితో గీకుతూ కూర్చుంది.

మావయ్య ఆగలేదు. "ఇవన్నీ ఒక ఎత్తు. ఇదిగో ఈ మనిషి బొమ్మ చూడండి, తలా భుజాలూ. ఎవరనుకున్నారు? నేనే. నా బొమ్మ నేనే దింపాను. అది నొక్కాక ఏమైందంటే, చెప్తే నమ్మరు."

"ఇప్పటిదాకా నమ్మాం కదన్నా" అంది కొట్టు అక్క.

"నొక్కగానే నా పక్కన నేను నిలబడ్డాను. ఇదే చొక్కా, ఇదే బొత్తాం ఊడిపోయి ఉంది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఇంట్లో కూర ఒక్కరికే ఉంది. మా ఆవిడకి తెలిస్తే బాగుండదని ఒప్పందం చేసుకున్నాం. ఒకరు ఇంట్లో, ఒకరు ఇక్కడ. రోజు మార్చి రోజు. అలా మారుతూ మారుతూ మొన్న ఎక్కడో లెక్క తప్పింది. ఇప్పుడు మొదటివాణ్ణి నేనో వాడో నాకే సరిగ్గా తెలీడం లేదు."

"అయితే కీబోర్డు సెట్ చేసింది నువ్వా, వాడా?" అన్నాడు మేకప్పాయన.

"అదే ఆలోచిస్తున్నా గురూ."

మావయ్య ముఖంలో కూడా నిజంగానే అయోమయం కనిపించింది. చెప్పినవాడే తన కథలో దారి తప్పితే విన్నవాళ్ళ గతేమిటి? అంతలో చిన్నగా చరచరమని చప్పుడైంది.

అందరూ మేనకోడలి చేతుల వైపు తిరిగారు. గోరు తగిలి కీబోర్డు మూల ఏదో లేచింది. ఆ పిల్ల రెండు వేళ్ళతో పట్టుకుని లాగింది. మబ్బు లేచింది. పక్కనే గంట, ఫోను, కవరు, కెమెరా, చివర్న తలా భుజాల మనిషి, అన్నీ కలిసి ఒక్క ముక్కగా ఊడి వచ్చేశాయి. పలచటిదే అయినా కింది వెలుగు కనబడనివ్వని ప్లాస్టిక్ పొర. అమ్మే కొట్లో అద్దాల బీరువాలో పెట్టినప్పుడు అందంగా కనిపించాలని, గీతలు పడకూడదని, బొమ్మలు ముద్రించి అంటించిన పొర. కింద అంచున, వాడే ముందు తీసేయమని చిన్న అక్షరాలతో రాసి కూడా ఉంది. బటన్లన్నీ అడుగున నల్లగా నిగనిగలాడుతున్నాయి.

మేనకోడలు గబగబా ల్యాప్‌టాప్ తీసి తీగ తగిలించింది. బటన్లు ఒక్కొక్కటే వెలిగాయి. కుక్క వచ్చింది, నాలుక బయటపెట్టి, తను ఎంచుకున్న కుక్కే. మబ్బు ఉన్నచోట ఫోను వెలిగింది. కవరు ఉన్నచోట మెరుపు, అంటే ఉరుము. మనిషి ఉన్నచోట కాలింగ్ బెల్లు. ఇంట్లో కూర్చుని ఏ వరసలో పెట్టుకుందో అచ్చం అదే వరస. ఒక్కటీ తప్పలేదు. రిహార్సల్‌లో తను నొక్కింది ప్లాస్టిక్ మీది గంటని, దాని కిందున్నది కుక్క. మెరుపు బొమ్మ నొక్కింది. ల్యాప్‌టాప్‌లోంచి ఉరుము ఎంత బాగా దొర్లిందంటే, కొట్టు అక్క చప్పున పైకి చూసింది. ఆ పిల్లకి గుండెల మీంచి పెద్ద బరువు దిగిపోయింది. తప్పు తనది కాదు, ఎప్పుడూ కాదు.

"చూశావా?" అన్నాడు మావయ్య. ఎక్కడా తడబడలేదు. "బొమ్మలు మారతాయని చెప్పానా లేదా?"

ఒక్క క్షణం అందరికీ అది నిజమే అనిపించింది కూడా.

లోపల మొదటి గంట మోగింది. మేనకోడలు లేచి ల్యాప్‌టాప్ సంచీలో పెట్టుకుంది, కీబోర్డు చంకలో పెట్టుకుంది. ప్లాస్టిక్ పొరని నలక్కుండా తెచ్చి మావయ్య రెండు చేతుల్లో పెట్టింది.

"నీ మబ్బు, మావగారి ఫోను అన్నీ ఇందులోనే ఉండిపోయాయి మావయ్యా, జాగ్రత్త. ఆ చివర నువ్వు కూడా ఉన్నావు" అంది. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "గంట కొట్టేశారు. తెర లాగడానికి వాణ్ణి పంపిస్తావా, నువ్వే వస్తావా?"

మావయ్య పొరలోని మనిషి బొమ్మ వంక కాసేపు చూశాడు. ఎవరూ చూడ్డం లేదనుకుని బొటనవేలితో ఒకసారి నొక్కాడు కూడా. ప్లాస్టిక్ చప్పుడైంది. పక్కన ఎవరూ వచ్చి నిలబడలేదు. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, చొక్కా సర్దుకుంటూ తనే లేచాడు.