ఇద్దరి జాగ

కోడేరు శివారులో పత్తిచేను గట్టు. ఉప్పునుంతల నుంచి అక్క అమృతమ్మ వచ్చింది. తమ్ముడు కురుమయ్య ఎదురుగా నిలబడ్డాడు.

"చేన్లకు దిగకక్కా. నిన్ననే మందు కొట్టినం, కాళ్లు మండుతయి."

"చెప్పులున్నయి గద కురుమయ్యా. అమ్మ సమాధి మీద రెండు పూలు పెట్టి వస్త."

"నాకియ్యి. నేను పెడ్త."

"నువ్వెందుకు? నా చేతులతోని పెట్టుకుంట. జర జరుగు."

"ఎండ చూడక్కా ఎట్లుందో. ఇంటికి పోదాం పా. నీ మరదలు పద్మ చాయ్ పెడ్తుంటది."

"చాయ్ తర్వాత తాగుత. యాపచెట్టు కింద గద సమాధి? చెట్టు కానొస్తలేదేంది?"

"అదా... అది గాలికి వడ్డది."

"చెట్టు వడితే వడె. సమాధి యాడికి వోయె?"

"పత్తి ఏపుగ లేసింది గద, కానరాదు."

"నా దిక్కు చూసి చెప్పు."

"ఏం చెప్పాలక్కా."

"పంచుకున్ననాడు పెద్దమనుషుల ముందట ఏమన్నవు? చేనంత నాది, సమాధి జాగ ఒక్కటి ఇద్దరిదీ అంటివి. గా మాట మీదనే గద నేనేం అడగకుంట ఏలిముద్ర ఏసిన."

"అన్న. అన్న గని..."

"గని ఏంది?"

"చేను సాపు చేయిద్దామని జేసీబీని పిలిచిన. గా చెట్టు, సమాధి దిబ్బ అడ్డమొస్తున్నయని డ్రైవర్ అన్నడు."

"డ్రైవరన్నడా?"

"నేనే అన్న. నేనే తియ్యుమన్న."

"నన్నొక్క మాట అడిగినవా? గది నా జాగ గూడ గద!"

"అడిగితే వద్దంటవని..."

"అమ్మ బొక్కలు గిట్ల తేలినయా?"

"నేను చూడలే. మొకం అటు తిప్పుకోని గట్టు మీద కూసున్న."

"సరే. సమాధి లేకుంటే లేకపాయె. యాడుండెనో జాగ చూపియ్యి, మట్టికే మొక్కుత."

"తెల్వదక్కా."

"తెల్వదా?"

"ఎన్నిసార్లో దేవులాడిన. అంత ఒక్క తీర్గనే ఉంది. గా దిక్కా గీ దిక్కా నాకే తెలుస్తలేదు... అక్కా, తిట్టు. చెప్పు తీస్కోని కొట్టు. గట్ల మాత్రం చూడకు."

"నిన్ను కొడితే నాకేమొస్తది. మా అత్తగారోల్లు ఉన్న భూమంత ప్లాట్లోల్లకు అమ్ముకున్నరు కురుమయ్యా. గుంట జాగ గూడ మిగల్లే."

"గది ఇప్పుడెందుకక్కా?"

"దవాఖానల నాకింక చేసేదేం లేదన్నరు. నేను పోతే అమ్మ పక్కన పెట్టుమని అడుగుదామని వచ్చిన."